హన్నా మొర, ఏలీ మాట

ఈ మధ్య ఒంగోలులో మేము ఆరాధనకు వెళ్లే మందిరానికి ఒక అతిథి బోధకులు వచ్చి, బైబిలులోని మొదటి సమూయేలు గ్రంథంలో బిడ్డ కోసం మొరపెట్టిన హన్నా ప్రార్థన మీద వాక్యం చెప్పారు. మంచి గొంతు, మంచి ధారణ. గంట సేపు ఎవరూ కదలలేదు. అయితే ఆ గంటలో సగం ఏలీని దుయ్యబట్టడానికే సరిపోయింది. కుమిలిపోతున్న ఇల్లాలిని చూసి తాగి వచ్చిందనుకున్న యాజకుడు, కొడుకులను అదుపులో పెట్టుకోలేని తండ్రి, కూర్చున్న చోటి నుండి లేవని ముసలివాడు అని ఒక్కొక్క నేరమే ఎత్తి చూపి, చివరకు "మనకు ఏలీలు అక్కరలేదు, హన్నాలు కావాలి" అని ముగించారు. సభ అంతా ఆమేన్ అంది. ఆ వెంటనే ఆయన, ప్రార్థన అవసరతలు ఉన్నవారు ముందుకు వస్తే తాను చేతులుంచి ప్రార్థిస్తానని చెప్పారు. వరుస గుమ్మం దాటి చెప్పులు విడిచే చోటి వరకు సాగింది.

హన్నాలు కావాలన్న మనిషే ఆ హన్నాలందరినీ తన చేతి కిందికి పిలవడం నాకు ఎబ్బెట్టుగా తోచింది. ఆయన కపటి అని నేననను; వరుసలో నిలబడ్డవారిని ఎవరూ బలవంతం చేయలేదు, వారిలో మా చెల్లెలు కూడా ఉంది. కానీ ఇంటికి వచ్చి ఆ అధ్యాయాలను మళ్లీ చదివాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఆయన ముగింపుకు సరిగ్గా ఎదురుగా ఉంది. మన పాలేల్లోనూ పట్టణపు మందిరాల్లోనూ హన్నాలకు ఏనాడూ కరువు లేదు. ఇప్పుడు కరువైనది ఏలీలు. ఆ మనిషి జీవితమంతా మనకు ఆదర్శమని చెప్పబోవడం లేదు. హన్నా జవాబు విన్న తరువాత ఆయన నోట వచ్చిన ఆ ఒక్క మాట గురించే నా వాదన.

గుమ్మం దగ్గరి ముసలాయన

సవతి పెనిన్నా దెప్పుళ్లు, భర్త ఎల్కానా ఓదార్పు, అన్నం ముట్టని హన్నా, ఇవన్నీ మనకు కంఠతా వచ్చినవే. నేను ఆగి చూడాలనుకున్నది ఆ తరువాతి భాగం. షిలోహులో భోజనాలు ముగిశాక ఆమె లేచి వెళ్లింది. యాజకుడైన ఏలీ మందిరపు ద్వారబంధం దగ్గర ఆసనం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన దగ్గరకు పోలేదు, తన పక్షాన ప్రార్థించమని అడగలేదు. తిన్నగా దేవునితో మాట్లాడింది, ఏడ్చింది, మొక్కుకుంది. దానికి యాజకుని సెలవు కావాలన్న ఆలోచన ఆమెకు రాలేదు; ఆ సంగతిని రాసినవారు కూడా అదేదో వింత అన్నట్టు రాయలేదు. పాత నిబంధన కాలంలో సామాన్యులు యాజకుని ద్వారా తప్ప దేవుని సమీపించలేకపోయేవారని, యేసు మరణంతో మందిరపు తెర చిరిగిన తరువాతే మనకు ఆ భాగ్యం దొరికిందని ప్రసంగాల్లో తరచు వింటాము. అది సగం నిజం. బలిపీఠాన్ని సమీపించడానికి అహరోను వంశం కావలసి వచ్చింది, అతి పరిశుద్ధ స్థలంలోకి ఏటికొక్కసారి ప్రధాన యాజకుడు తప్ప ఎవరూ పోరాదు. మొరపెట్టడానికి మాత్రం ఏ వంశమూ అక్కర లేకపోయింది. ఎడారిలో హాగరు ఏడ్చినప్పుడు, గుహలో దావీదు మొరపెట్టినప్పుడు పక్కన యాజకుడెవరూ లేడు.

ఏలీ చేసిన తప్పు తప్పే. పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడడం లేదు, కాబట్టి ఆమె మత్తులో ఉందనుకున్నాడు, "ఎంతవరకు నీవు మత్తురాలవై యుందువు?" అని గద్దించాడు. కానీ ఆయన అనుమానం పుట్టుకను కూడా చూడాలి. అది బలుల పండుగ, విందు ముగిసిన సమయం. పైగా ఆ గుమ్మం దగ్గరే తన కొడుకులు ఏమేమి చేస్తున్నారో వింటూ ఉన్న తండ్రి ఆయన. అటువంటి చోట కాపలా కూర్చున్నవానికి మొదట చెడే తోస్తుంది. హన్నా బదులు చెప్పింది. తాను మద్యం పుచ్చుకోలేదని, మనోదుఃఖంతో ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకుంటున్నానని చెప్పింది. ఒక స్త్రీ, అందులోనూ ఊరు కాని ఊరు నుండి వచ్చిన స్త్రీ, ప్రధాన యాజకుని మాటను ముఖాన ఖండించింది. అక్కడ ఆయన ఏమైనా చేసి ఉండవచ్చు. నీ కష్టమేమిటని విచారణ మొదలుపెట్టవచ్చు. ప్రార్థన అలా చేయరమ్మా, ఇలా రా, నేను చేస్తాను అనవచ్చు. ఆయన ఇవేవీ చేయకుండా, నీవు క్షేమంగా వెళ్లు, ఇశ్రాయేలు దేవుడు నీ మనవిని దయచేయును గాక అన్నాడు.

ఆ మనవి ఏమిటో ఆయన అడగలేదు. ఇది నేను ఎన్నో ఏళ్లుగా చదివిన అధ్యాయమే అయినా ఈ సంగతి నా కంటబడింది ఇప్పుడే. ఆ తరువాత పుట్టి పాలు విడిచిన కొడుకు సమూయేలును తీసుకుని హన్నా తిరిగి షిలోహుకు వచ్చినప్పుడు, అప్పట్లో ఇక్కడ మీ దగ్గర నిలబడి ప్రార్థించినదాన్ని నేనే, ఈ బిడ్డ కోసమే ప్రార్థించాను అని చెబుతుంది. అంటే అన్నాళ్లూ తాను దేనికి ఆమేన్ అన్నాడో ఏలీకి తెలియదు. ఆమె మొర మీద ఆయనకు ఏ హక్కూ లేదు, దాని ఫలితంలో ఆయనకు ఏ పేరూ రాదు. అయినా ఆ మాట విన్న తరువాతే ఆమె వెళ్లి భోజనం చేసింది, ఆమె ముఖం అటు తరువాత దుఃఖంగా లేదు. ప్రార్థన చేసినది హన్నా, విన్నది దేవుడు; అయినా ఏలీ మాట ఆమెకు అక్కరకు వచ్చింది. యాజకత్వాన్ని గురించి నేను చెప్పదలచినదంతా ఈ చిన్న చోటే ఉంది.

మూడో అధ్యాయంలోనూ ఆయన ఇలాగే ప్రవర్తించాడు. మందిరంలో ఆయన దగ్గర పెరుగుతున్న సమూయేలు రాత్రి మూడుసార్లు లేచి వచ్చి, మీరు పిలిచారు కదా అన్నాడు. ఆ బాలుని పిలుస్తున్నది యెహోవా అని ఏలీకి అర్థమైంది. తాను వెళ్లి వాని మంచం పక్కన కూర్చుని, దేవుడు ఏమంటున్నాడో నేను విని చెబుతానని అనలేదు. ఏమని బదులు పలకాలో ఒక్క వాక్యం నేర్పి, వెళ్లి పడుకోమన్నాడు. తెల్లవారి వచ్చిన వర్తమానం తన ఇంటి నాశనం గురించినదే అయినా దాచవద్దని అడిగి విని, సెలవిచ్చినవాడు యెహోవా, తన దృష్టికి అనుకూలమైనదాన్ని ఆయన చేయును గాక అని ఒప్పుకున్నాడు. తాను నేర్పిన వాక్యంతో మొదలైన ప్రార్థన తనకే తీర్పుగా తిరిగి వస్తే తల వంచిన యాజకుడు ఆయన.

ఏలీని కడిగి ముత్యంలా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసుల కాలంలో మాంసం ఉడుకుతుండగానే పనివాడు మూడు ముండ్ల కొంకితో వచ్చి గుచ్చి, కొంకికి వచ్చినదంతా పట్టుకుపోయేవాడు. కొవ్వు దహించక ముందే పచ్చి మాంసం ఇమ్మని, ఇవ్వకపోతే బలవంతంగా తీసుకుంటామని బెదిరించేవాడు. ఏలీ మందలించాడే తప్ప వారిని ఆ పని నుండి తొలగించలేదు. ఆ పాపం చిన్నది కాదు, దాని వలన జనం యెహోవా నైవేద్యాన్నే అసహ్యించుకున్నారని గ్రంథం చెబుతుంది. అయినా ఇంకొకటి కూడా అక్కడే రాసి ఉంది. తొంభై ఎనిమిదేళ్ల వయసులో, చూపు పోయి దారి పక్కన ఆసనం మీద కూర్చుని ఉండగా యుద్ధం కబురు వచ్చింది. కొడుకులిద్దరూ చనిపోయారన్నప్పుడు ఆయన పడిపోలేదు. దేవుని మందసం, అంటే నిబంధన పలకలున్న పెట్టె, శత్రువులకు పట్టబడిందన్న మాట విని వెనుకకు పడి మెడ విరిగి మరణించాడు.

చెవి దగ్గర ఫోను

నెల్లూరులో ఒక ఆసుపత్రిలో నాకు తమ్ముడి వరస అయిన బంధువు గుండె ఆపరేషనుకు చేరాడు. థియేటరుకు తీసుకువెళ్లే వేళకు భార్య, ఇద్దరు కూతుళ్లు, బావమరిది స్ట్రెచరు చుట్టూ ఉన్నారు. అందరూ చిన్ననాటి నుండి సండేస్కూలుకు పోయినవారే, వాక్యాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్నవారే. ఎవరూ ప్రార్థనకు నోరు తెరవలేదు. తమ పాస్టరు అయ్యగారికి ఫోను కలపడంలో మునిగి ఉన్నారు. ఆయన కావలి దగ్గర ఏదో పెళ్లిలో ఉన్నారు. లైను దొరికేసరికి వార్డుబాయి స్ట్రెచరు కదిలించాడు. నడుస్తూనే ఫోనును రోగి చెవి దగ్గర పెట్టారు. అవతల బ్యాండు మేళం హోరులో ప్రార్థన సగం వినబడింది, సగం లేదు. లిఫ్టు తలుపులు మూసుకోగానే సిగ్నలు పోయింది.

ఆపరేషను బాగానే జరిగింది. నాకు మిగిలిపోయింది వరండాలో కూర్చున్నప్పుడు ఆ తమ్ముడి భార్య అన్న మాట. "అయ్యగారి ప్రార్థన మధ్యలో తెగిపాయె వదినా, ఏమవుద్దో ఏమో" అంది. ముందు రాత్రి ఆ వరండాలోనే చాప మీద కూర్చుని తెల్లవార్లూ ఆమె పెదవులు కదులుతూనే ఉండడం నేను చూశాను. మాట బయటికి రాలేదు. ఆ రాత్రినంతా ఆమె ప్రార్థన లెక్కలో వేసుకోలేదు. ఫోనులో తెగిపోయిన అర నిమిషమే ఆమె దృష్టిలో ప్రార్థన.

ఆమెకు ఈ భావన ఎవరు నేర్పారు? ఏ పాస్టరూ పనిగట్టుకుని నేర్పి ఉండడు. సేవకుని ప్రార్థన వేరు, మన ప్రార్థన వేరు అన్నది మన ఇళ్లల్లో ఎవరూ చెప్పకుండానే అబ్బుతుంది. కొత్త ఇంటికి పునాది వేసినా, బోరు వేసినా, రొయ్యల గుంటలో రొయ్య పిల్లను వదిలినా, పిల్లవాడిని హాస్టలులో చేర్చినా అయ్యగారు వచ్చి ప్రార్థించాలి. ఇందులో ప్రేమ ఉంది, మర్యాద ఉంది, సంఘం మనతో ఉన్నదన్న ధైర్యం ఉంది. దాన్ని నేను వెక్కిరించను. పైగా యాకోబు పత్రిక అయిదో అధ్యాయం రోగి సంఘ పెద్దలను పిలిపించుకోవాలని, వారు నూనె రాసి అతని కోసం ప్రార్థించాలని స్పష్టంగా చెబుతుంది. కాబట్టి అయ్యగారిని పిలవడం వాక్యానుసారమే. అయితే ఆ మాట ముగియగానే పదహారో వచనంలో, ఒకరి కోసం ఒకరు ప్రార్థించండి అంటాడు యాకోబు. దానికి ఉదాహరణగా ప్రవక్త ఏలీయాను తెచ్చి, అతడు మనవంటి స్వభావం గల మనిషే అని గుర్తు చేస్తాడు. మనం పద్నాలుగో వచనం దగ్గర పుస్తకం మూసేస్తున్నాము. నూనె సీసాలకు రేటు కట్టి, టీవీ తెర కింద ఖాతా నంబరు పెట్టి ప్రార్థన చేసేవారి గురించి ఇక్కడ వేరే చెప్పనక్కరలేదు. వారికి షిలోహు కొంకి ఎప్పుడో దొరికింది.

పేర్లు మోయడం

నిర్గమకాండం ఇరవై ఎనిమిదో అధ్యాయంలో ప్రధాన యాజకుని వస్త్రాల వర్ణన చదివేటప్పుడు చాలామంది విసుగుతో పేజీ తిప్పేస్తారు. బంగారు నూలు, నీలి దారం, దానిమ్మ పండ్లు, గంటలు. కానీ అందులో ఒక విషయం రెండుసార్లు వస్తుంది. యాజకుని పైవస్త్రమైన ఏఫోదు భుజాల మీద రెండు లేతపచ్చలు, ఒక్కొక్కదాని మీద ఆరేసి గోత్రాల పేర్లు. మళ్లీ రొమ్ము మీద పతకంలో నాలుగు వరుసల్లో పన్నెండు రాళ్లు, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క పేరు. అహరోను పరిశుద్ధ స్థలంలోకి పోయేటప్పుడు ఇశ్రాయేలీయుల పేర్లను తన హృదయం మీద భరించాలని ఆజ్ఞ. అతని సొంత ప్రతిభ గురించి ఆ అధ్యాయంలో ఏమీ లేదు. ఎవరి పేర్లు మోసుకుని లోపలికి పోతున్నాడన్నదే ఉంది.

నేను ఎరిగినంతలో ఆ పని చేసినవారిలో మొదట గుర్తొచ్చేది మా పెద్దమ్మ. టంగుటూరు దగ్గర పొగాకు గ్రేడింగుకు పోయేది. బ్యారన్‌లో, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, కాల్చి తెచ్చిన ఆకును కుప్ప పోస్తే, రంగును బట్టి, మచ్చను బట్టి ఒక్కొక్క ఆకే వేరు చేసి కట్టలు కట్టాలి. ఘాటుకు కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది, పక్కనున్నవారితో ఎక్కువ మాట్లాడబుద్ధి కాదు. పెద్దమ్మ ఆకు తీసేటప్పుడల్లా గొణుగుతూ ఉండేది. ఏం గొణుగుతున్నావని నేను చిన్నప్పుడు అడిగితే, "పేర్లు చెప్తన్నాలేమ్మా" అంది. పై వీధిలో నెలలు నిండిన అమ్మాయి, బావిలో పడి కాలు విరిగిన పిల్లవాడు, అప్పు ఎగ్గొట్టి ఊరు విడిచిన మరిది, ఆమెను ఒకసారి కొట్టబోయిన మేస్త్రీ, అందరూ ఆ వరుసలో ఉండేవారు. ఆమెకు చదువు రాదు. మందిరంలో లేచి ప్రార్థించమంటే లేచేది కాదు. సంఘంలో ఆమెకు ఏ పదవీ లేదు. నిర్గమకాండంలోని ఆ పతకం గురించి చదివినప్పుడల్లా నాకు ఆ పొగాకు దుమ్ములో నల్లబడ్డ వేళ్లు కనబడతాయి.

కోరహు అడిగిన ప్రశ్న

ఇంత దూరం వచ్చాక నా వాదనకు అన్నిటికంటె బలమైన అడ్డంకి చెప్పాలి. సంఖ్యాకాండం పదహారో అధ్యాయంలో కోరహు అనే లేవీయుడు మోషే అహరోనుల మీద తిరగబడి, ఈ సర్వసమాజంలో ప్రతివాడూ పరిశుద్ధుడే, యెహోవా వారి మధ్య ఉన్నాడు, మిమ్మల్ని మీరు ఎందుకు హెచ్చించుకుంటున్నారు అని అడిగాడు. వినడానికి ఇది నా మాటే. మీరు నాకు యాజక రూపమైన రాజ్యంగా ఉంటారని సీనాయి దగ్గర దేవుడు అన్న మాట కూడా ఇదే. అయినా భూమి నోరు తెరిచి కోరహు పక్షం వారిని మింగింది. 1520లో జర్మనీ సంస్కర్త లూథరు విశ్వాసులందరూ యాజకులే అని రాసినప్పుడు ఆయన విరోధులు ఈ కోరహునే ముందుకు తెచ్చి ఉంటారని నా ఊహ. కతోలిక సంఘంలో ఉన్న నా స్నేహితురాలు నెల్లూరు నుండి ఫోనులో నాతో వాదించినప్పుడు మొదట ఎత్తినది ఇతణ్ణే. 1964లో రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన పత్రం విశ్వాసులందరి యాజకత్వాన్నీ, అభిషిక్త గురువుల యాజకత్వాన్నీ రెంటినీ ఒప్పుకుంటూ, వాటి మధ్య భేదం హెచ్చుతగ్గుల భేదం మాత్రమే కాదని చెప్పిందని, మీ బాప్తిస్టులు ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేశారని ఆమె అంది.

కొత్త నిబంధనలో సంఘ నాయకుణ్ణి యాజకుడు అన్న చోటు ఒక్కటీ లేదని, సంఘం విషయంలో ఆ పేరు క్రీస్తుకూ, మొత్తం విశ్వాసుల సమూహానికీ మాత్రమే వాడారని నేను బదులు చెప్పాను. అది నిజమే గానీ కోరహుకు అది జవాబు కాదు. అతడు అన్న మాట తప్పా, అన్న ఉద్దేశం తప్పా? ఉద్దేశమే తప్పని వ్యాఖ్యాతలు సులువుగా చెబుతారు: లేవీయుడిగా తనకున్న సేవ చాలక యాజకత్వం కూడా కావాలనుకున్నాడని మోషే మాటల్లోనే ఉంది కదా అంటారు. అది నన్ను పూర్తిగా తృప్తిపరచలేదు, ఎందుకంటే అధికారంలో ఉన్నవారు ప్రశ్న అడిగినవారి ఉద్దేశాన్ని ఎప్పుడూ ఇలాగే తప్పుపడతారు. నాకు కొంత వెలుగు ఇచ్చినది అధ్యాయం చివర. మర్నాడు జనం మళ్లీ సణిగారు, తెగులు మొదలైంది. అప్పుడు ముసలి అహరోను ధూపార్తి పట్టుకుని సమాజం మధ్యకు పరుగెత్తి, చచ్చినవారికీ బ్రతికినవారికీ మధ్య నిలబడ్డాడు, తెగులు ఆగింది. ముందు రోజు తనను దించాలని చూసినవారి కోసమే ఆ పరుగు. కోరహు అడిగిన ప్రశ్న అలాగే ఉంది. కానీ యాజకుడు నిలబడే చోటు ఏదో అహరోను చూపించాడు. ఆ చోటుకు పోటీ పడేవారు ఎక్కువమంది ఉండరు.

మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు ఇంకొక బరువు ఉంది. గుడి గుమ్మం తొక్కనివ్వని మాదిగవాడల వారికి, రాజులైన యాజకసమూహము అన్న పేతురు మాట చేరినప్పుడు వారు దాన్ని ఎలా విని ఉంటారో ఊహించండి. తాళ్లకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య అంతకు ముందే యోగ మార్గంలో దేవుణ్ణి వెదికిన మనిషి. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చిన తొలి రోజుల్లోనే బాప్తిస్మం పొంది ఊరూరా తిరిగి బోధించాడు. అప్పటి మహా కరువు చివర, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2222 మందికి బాప్తిస్మం జరిగినప్పుడు నీళ్లలో దిగి ఆ పని చేసినవారు తెలుగు బోధకులు. దానికి చాలా ముందు, 1854 జనవరి 1న ఒంగోలు కొండ ఎక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థించినవారిలో మిషనరీలైన జ్యూయెట్ దంపతులతో పాటు తెలుగువారు ఉన్నారు, వారిలో ఇద్దరు స్త్రీలు. ఒకరి తరువాత ఒకరు ప్రార్థించారని మా పెద్దలు చెప్పేవారు. దొరగారు ప్రార్థిస్తే మిగిలినవారు కళ్లు మూసుకుని నిలబడిన కొండ కాదది. ఇటువంటి పుట్టుక ఉన్న సంఘం, ఫోనులో ప్రార్థన తెగిపోయిందని భయపడే స్థితికి ఎలా వచ్చిందన్నదే నా బాధ.

గొంతు, కన్నీరు, మైకు

హృదయపూర్వకమైన ప్రార్థన అనగానే మనకు ఇప్పుడు ఒక శబ్దం గుర్తుకు వస్తుంది. మైకు, ఎకో, మెల్లగా మొదలై పైకి లేచే గొంతు, వెనుక కీబోర్డు. నా స్వభావానికి ఇది పడదు. అందువల్ల హన్నా మౌనాన్ని చేతపట్టుకుని ఈ అరుపులన్నీ బూటకమని తేల్చేయాలని నాకు ఉబలాటం కలుగుతుంది. హోషేయ గ్రంథంలో దేవుడు కూడా, వారు శయ్యల మీద పడి కేకలు వేస్తారే గాని హృదయపూర్వకంగా నన్ను బతిమాలరని అన్నాడు. కానీ హెబ్రీ పత్రిక అయిదో అధ్యాయం నన్ను ఆపుతుంది. క్రీస్తు యాజకత్వాన్ని వివరించే చోటనే, ఆయన శరీరధారిగా ఉన్న దినాల్లో మహా రోదనంతోనూ కన్నీళ్లతోనూ ప్రార్థనలు సమర్పించాడని ఉంది. యాజకునికి గట్టిగా ఏడ్చే హక్కు ఉంది. నా నెమ్మదితనం నా పెంపకం నుండి వచ్చినది, దాన్ని సిద్ధాంతం చేయకూడదు.

అలాగే సొంత మాటలైతేనే హృదయపూర్వకం, పుస్తకం చూసి చదివితే కాదు అన్న బాప్తిస్టు అభిప్రాయం కూడా నిలబడదు. సమూయేలును అప్పగించిన రోజు హన్నా పాడిన పాటలో గొడ్రాలు ఏడుగురిని కన్నదని ఉంది. అప్పటికి ఆమెకు ఒక్కడే కొడుకు; తరువాత పుట్టినవారిని కలిపినా ఆరుగురే. అంటే ఆమె తనకంటె పాతదైన పాటను తన నోట పలికి ఉండాలి. సిలువ మీద ప్రభువు పలికినవాటిలో కూడా కొన్ని కీర్తనల మాటలే. పరాయి మాటల్లో కూడా హృదయాన్ని కుమ్మరించవచ్చు. కాబట్టి ప్రార్థన గొంతులో ఉందా, మౌనంలో ఉందా, పుస్తకంలో ఉందా అన్న తగువులో నాకు ఆసక్తి తగ్గిపోయింది. వేరొకరి ప్రార్థనను మనం ఏం చేస్తున్నామన్నదే నన్ను వేధిస్తున్నది.

మందిరంలో చీటీల పెట్టె సంగతి చూడండి. విన్నపాలు రాసి అందులో వేస్తారు, ఆదివారం వాటిని మైకులో చదువుతారు. అల్లుడి తాగుడు, కోడలి గర్భస్రావం, కొడుకు కోర్టు వాయిదా, పేర్లతో సహా వీధిలోకి వినబడతాయి. ఒకసారి ఒక చీటీలో "ఒక విన్నపం" అని మాత్రమే ఉంది. చదివిన సేవకులు చీటీ పైకెత్తి, రాసినవారు ఎవరో వచ్చి సంగతి చెప్పాలి, వివరం తెలియకుండా ఎలా ప్రార్థించాలి అన్నారు. ఎవరూ లేవలేదు. మూడో వరుసలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను. ఏలీకి ఆ వివరం అక్కరలేకపోయింది.

మరి అయ్యగారికి పనేముంది?

కందుకూరు వైపు ఒక పల్లెలో నేను చూసిన పాస్టరుగారు ఒకరున్నారు. గృహ ప్రార్థనకు వచ్చినప్పుడు వాక్యం చదివాక, ముందు ఇంటి ఇల్లాలిని ప్రార్థించమంటారు. నేను చూసిన రోజు ఆ ఇల్లాలు, "నాకు రాదయ్యగారూ, తప్పులొస్తయ్యి" అంది. ఆయన తల వంచుకుని ఊరుకున్నారు. ఎంతకీ మొదలుపెట్టలేదు. చివరకు ఆమే, ప్రభువా, బోరులో నీళ్లు తగ్గినయ్యి, సొసైటీ అప్పు ఉండాది, పెద్దోడు ఇంటికి రాక ఆర్నెల్లాయె, వాడు ఏడున్నాడో నీకు తెలుసు అని ఆగిపోయింది. పాస్టరుగారు దానికి ఏమీ కలపలేదు. ఆమేన్ అన్నారు, ఆ కొడుకు పేరు అడిగి చిన్న నోటుపుస్తకంలో రాసుకున్నారు. బయటకు వచ్చాక ఆ ఇంటి యజమాని నాతో, "ఈయన పని మా చేత చేయిస్తన్నాడు" అని గొణిగాడు. ఆ మరుసటి కూటానికి వారు వేరే సేవకుణ్ణి పిలిచారని తెలిసింది.

ఆ యజమాని అసంతృప్తిని నేను కొట్టిపారేయలేను. మా సంఘ కమిటీలో చీటీలు మైకులో చదవడం మానాలని, ప్రతి ఇంట్లోనూ ముందు ఇంటివారే ప్రార్థించేలా చూడాలని నేను అడిగినప్పుడు ఒక పెద్దాయన ఇదే మాటను ఇంకా సూటిగా అన్నారు: "అట్టయితే అయ్యగారికి జీతం దేనికమ్మా ఇచ్చేది?" నేను సమూయేలు వీడ్కోలు ప్రసంగం చదివి వినిపించాను. జనం తనను కాదని రాజును కోరుకున్న తరువాత కూడా, మీ కోసం ప్రార్థించడం మానితే నేను యెహోవాకు విరోధంగా పాపం చేసినవాణ్ణవుతానని ఆయన అంటాడు. ఏలీ గుమ్మంలో పెరిగిన పిల్లవాడు ఆ పని అక్కడే నేర్చుకుని ఉండాలి. పెద్దాయన అద్దాలు సవరించుకుని, "చూశావా, ఆయన కూడా ప్రార్థన చేయాల్సిందేగా" అన్నారు. చేయాల్సిందే. నోటుపుస్తకంలో ఆ కొడుకు పేరు రాసుకుని, ఎవరూ చూడని వేళ దాన్ని మోయడం, మర్నాడు ఆ ఇంటి ముందు సైకిలు ఆపి వాడి కబురేమైనా తెలిసిందా అని అడగడం, సంఘంలో నోరు తెరవడానికి భయపడేవారి ఎదుట తాను నోరు మూసుకుని కూర్చోగలగడం, ఇదంతా మైకులో చేసే ప్రార్థనకంటె కష్టమైన పని. ఆ పనికి జీతం ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదు. పెంచుదామన్నా తీర్మానం మీద మొదటి సంతకం నేనే పెడతానని ఆయనతో చెప్పాను.